తుఫానులు – పడవ యజమానులు: ఆంధ్రతీరంలో హెచ్చరిక, నష్టం, పునరుద్ధరణ

వ్యాససంగ్రహం

బంగాళాఖాతంలో పుట్టే తుఫానులు ఆంధ్రతీరంలోని మత్స్యకారుల జీవితాన్ని తరతరాలుగా శాసిస్తున్నాయి. 1977 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడి ప్రాణనష్టం గణనీయంగా తగ్గింది. అయితే హెచ్చరిక మనిషిని ఒడ్డుకు చేర్చినంత సులువుగా పడవను కాపాడలేదు. పడవ పోయిన యజమానికి తుఫాను ఆ ఒక్క రాత్రితో ముగియదు; అప్పుగా, వేట లేని రోజులుగా, చెదిరిన బృందంగా ఏళ్ళ తరబడి కొనసాగుతుంది. పడవల రకాలు, వాటికి నష్టం జరిగే తీరు, హెచ్చరికల భాష, ముందుజాగ్రత్తలు, నష్టగణన, సహాయ నియమాలు, అప్పుల స్వరూపం అనే అంశాల ఆధారంగా ఈ స్థితిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తీరానికి దూరంగా ఉన్న నంద్యాల జిల్లాలో, శ్రీశైలం జలాశయంపై వేట సాగించే పడవల వారి పరిస్థితిని కూడా ఈ వ్యాసం స్థూలంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: తుఫాను, ఉప్పెన, మత్స్యకారులు, తెప్ప, మరపడవ, హెచ్చరిక, నష్టగణన, నంద్యాల, శ్రీశైలం.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రతీరానికి తుఫానులు కొత్త కాదు. కోరంగి రేవు 1789లోనూ, 1839లోనూ ఉప్పెనల పాలై తన పూర్వవైభవాన్ని కోల్పోయింది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పైవేల మంది మరణించారని చరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నాయి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 1990 మేలో మచిలీపట్నం ప్రాంతంలో, 1996 నవంబరులో కాకినాడకు దక్షిణంగా, 2014 అక్టోబరులో విశాఖపట్నం వద్ద, 2018 అక్టోబరులో పలాస సమీపంలో, 2023 డిసెంబరులో బాపట్ల వద్ద తీవ్ర తుఫానులు తీరం దాటాయి.

తెలుగు సాహిత్యం ఈ విపత్తులను విస్మరించలేదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కథకు 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి లభించింది. దివిసీమ ఉప్పెన నేపథ్యంలో నగ్నముని ‘కొయ్యగుర్రం’ దీర్ఘకవిత వెలువడింది. మొదటిది ప్రళయంలో చిక్కుకున్న మనిషి అంతరంగాన్ని చిత్రించింది. రెండవది శవాల మధ్య నిలబడి పాలకవ్యవస్థను ప్రశ్నించింది. రెండింటిలోనూ దృష్టి మనిషి మీదనే నిలిచింది. అది సహజమే. అయితే మనిషి బతికి బయటపడిన తర్వాత అతని బతుకుతెరువైన పడవ ఏమైందన్న ప్రశ్న వేరుగా మిగిలి ఉంటుంది. ప్రాణనష్టం తగ్గుతున్న ఈ కాలంలో ఆ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది.

2. పడవ: రకాలు, యాజమాన్యం, వాటాలు

‘పడవ’ అన్న ఒక్క మాట కింద వేర్వేరు సాధనాలు ఉన్నాయి. దుంగలను చెక్కి తాళ్ళతో కట్టినది తెప్ప. దీనికి లోపలి భాగమంటూ లేదు గనుక నీరు నిండి మునిగే ప్రసక్తి లేదు. వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టే ఆచారం ఉండేది. తుఫాను సూచన కనబడితే నలుగురు కలిసి దుంగలను ఊళ్ళోకి మోసుకుపోగలిగేవారు. పలకలు కూర్చి చేసిన నావలు గోదావరి, కృష్ణా ముఖద్వారాల ప్రాంతంలో ప్రసిద్ధం. గత నాలుగు దశాబ్దాలలో వీటి స్థానాన్ని ఫైబరు పడవలు చాలావరకు ఆక్రమించాయి. వీటికి బయట అమర్చే ఇంజిను ఉంటుంది. నలుగురైదుగురు కలిసి వేటకు వెళ్తారు. ఇక రోజుల తరబడి సముద్రంలోనే ఉండి వేటాడే మరపడవలు విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వంటి రేవులలో నిలుస్తాయి.

ఈ మార్పు వేట పరిధిని పెంచింది. తుఫాను ముందు పడవ యజమాని స్థితిని కూడా మార్చింది. తెప్ప పోతే కొత్త దుంగలు సంపాదించుకోవడం కష్టమే గాని అసాధ్యం కాదు. ఫైబరు పడవ పగిలితే ఊళ్ళోని వడ్రంగి దానిని బాగుచేయలేడు. బయటి ఇంజిను ఒక్కటే సాధారణంగా లక్ష రూపాయలకు పైబడుతుంది. మరపడవ అయితే లక్షల రూపాయల పెట్టుబడి. సాధనం సామర్థ్యం పెరిగిన కొద్దీ, దానిని పోగొట్టుకున్నవాడు తిరిగి నిలదొక్కుకోవడానికి పట్టే కాలమూ పెరిగింది.

యాజమాన్యాన్ని కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ‘బోటు ఓనరు’ అనగానే ఒడ్డున కూర్చున్న ధనవంతుడు అన్న భావన కలుగుతుంది. మరపడవల విషయంలో వేటకు వెళ్ళని యజమానులు ఉన్న మాట నిజమే. అయితే ఫైబరు పడవల యజమానులలో చాలామంది స్వయంగా వేటకు వెళ్ళేవారే. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి కొనుక్కున్న పడవలూ ఉన్నాయి. అమ్మకం మీద వచ్చిన సొమ్ములో ఇంధనం, ఐసు, తిండి ఖర్చులు మినహాయించి మిగిలినది వాటాలు వేసుకుంటారు. పడవకు, వలకు, ఇంజినుకు వాటా ఉంటుంది; మనుషులకు వాటా ఉంటుంది. వేటకు నాయకత్వం వహించే తండేలుకో సరంగుకో అదనపు భాగం ఉంటుంది. ఈ లెక్క ప్రాంతాన్ని బట్టి, పడవ రకాన్ని బట్టి మారుతుంది. ఎక్కడైనా సారం ఒక్కటే: పడవ ఆగిపోతే యజమాని ఆదాయమే కాదు, దానిని నమ్ముకున్న కుటుంబాలన్నింటి ఆదాయం ఆగిపోతుంది. చేపలు కొని ఊరూరా అమ్ముకొనే స్త్రీల జీవనమూ ఆగిపోతుంది.

3. గాలి, వాన, ఉప్పెన: నష్టం జరిగే తీరు

తుఫానును వార్తలలో ఒకే సంఘటనగా చెప్తారు. పడవ విషయంలో అది మూడు వేర్వేరు దెబ్బలుగా పనిచేస్తుంది. ‘గాలివాన’, ‘ఉప్పెన’ అన్న రెండు తెలుగు మాటలు ఈ తేడాను స్పష్టంగా చూపుతాయి. మొదటిది గాలినీ వాననూ కలిపి చెప్తుంది. రెండవది భూమి మీదికి పొంగివచ్చే సముద్రాన్ని చెప్తుంది. పడవను గాలి తెంచుతుంది, వాన నింపుతుంది, ఉప్పెన మోసుకుపోతుంది.

3.1 గాలి: ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి. తూర్పుతీరం వైపు వచ్చే తుఫాను కేంద్రం ఒక ఊరి మీదుగా దాటితే, అక్కడ మొదట ఉత్తర దిక్కు నుంచి వచ్చిన గాలి, కొంత ప్రశాంతత తర్వాత, దాదాపు ఎదురుదిక్కు నుంచి వీస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కేంద్రం విశాఖపట్నం మీదుగానే సాగింది. ఇటువంటి సందర్భంలో ఒక దిక్కు గాలికి తట్టుకొనేలా కట్టిన తాళ్ళు రెండవ దిక్కు గాలికి పనికిరావు. రేవులో పక్కపక్కనే కట్టిన పడవలలో ఒకదాని తాడు తెగితే అది మిగతావాటిని ఢీకొంటుంది. హుద్‌హుద్ సమయంలో విశాఖ చేపలరేవులో అనేక మరపడవలు దెబ్బతిన్నాయి, మునిగిపోయాయి. అవి సముద్రంలో చిక్కుకున్నవి కావు, రేవుకు చేరినవే.

3.2 వాన: పడవ అడుగున చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడివేయాలి. మామూలు రోజులలో ఆ పని పడవ మీద ఉండే కళాసీలు చేస్తారు. తుఫాను రోజున అందరినీ ఖాళీ చేయిస్తారు. అది తప్పనిసరి. కాని నీరు తోడే మనిషి లేని పడవ, గాలికి చెక్కుచెదరకపోయినా, కుండపోత వానకు బరువెక్కి కూరుకుపోతుంది.

3.3 ఉప్పెన: తుఫాను కేంద్రానికి కుడివైపున, అంటే మన తీరంలో ఉత్తరపు వైపున, గాలి సముద్రజలాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. అందువల్ల ఉప్పెన ఆ వైపే ఎక్కువ. తుఫాను తీరం దాటే సమయం పోటు సమయంతో కలిస్తే నీటిమట్టం మరింత పెరుగుతుంది. కురచ తాళ్ళతో కట్టిన పడవను పైకిలేచిన నీరు తాడుతోపాటు లాగుతుంది. తాడు తెగుతుంది, లేదా పడవ ముక్కు నీటిలోకి వంగుతుంది. ఒడ్డున ఇసుకపై ఉంచిన ఫైబరు పడవలను నీరు తేల్చి ఇళ్ళ మీదికో, సరుగుడు తోటలలోకో విసురుతుంది. వెనుదిరిగే నీరు మరికొన్నింటిని సముద్రంలోకి లాక్కుపోతుంది.

4. హెచ్చరిక మారిన తీరు

విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం 1974లో ఏర్పడింది. మూడేళ్ళకే వచ్చిన దివిసీమ ఉప్పెన, సమాచారం తీరగ్రామానికి సకాలంలో చేరకపోతే ఎంతటి ఘోరం జరుగుతుందో చూపింది. ఆ తర్వాత తుఫాను రక్షణ భవనాలు, ఉపగ్రహ చిత్రాలు, చెన్నై, మచిలీపట్నం, విశాఖపట్నాలలో డాప్లర్ రాడార్లు క్రమంగా అమరాయి. 1990 మే తుఫానులో లక్షలాది ప్రజలను ముందుగానే తరలించారు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను ఇంకొక లోపాన్ని బయటపెట్టింది. వెయ్యిమందికి పైగా మరణించిన ఆ విపత్తులో సముద్రంలో ఉన్న పడవలు అనేకం తిరిగి రాలేదు. ఊళ్ళో ఉన్నవారికి దండోరా వినిపించవచ్చు. అప్పటికే వేటలో ఉన్నవారికి కబురు ఎలా అందాలి? ఈ ప్రశ్నకు సమాధానంగా రేడియో, వి.హెచ్.ఎఫ్. సెట్లు, తర్వాతి కాలంలో సెల్‌ఫోన్లు, ఉపగ్రహ సందేశాలు అందుకొనే పరికరాలు వచ్చాయి. 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అలల ఎత్తు, గాలి, ప్రవాహాల సమాచారాన్ని మత్స్యకారులకు అందిస్తున్నది.

ఇవాళ భారత వాతావరణ శాఖ నాలుగు దశలలో హెచ్చరిస్తుంది. డెబ్భై రెండు గంటల ముందు తొలి సూచన, నలభై ఎనిమిది గంటల ముందు అప్రమత్తత, ఇరవై నాలుగు గంటల ముందు హెచ్చరిక, పన్నెండు గంటల ముందు తీరం దాటిన తర్వాతి పరిస్థితి అంచనా వెలువడతాయి. హుద్‌హుద్ వంటి తుఫాను కూడా 1977తో పోల్చదగిన ప్రాణనష్టం కలిగించలేదు. ఇది వ్యవస్థ సాధించిన నిజమైన విజయం. దాని విలువను తగ్గించకుండానే ఒక విషయం గుర్తించాలి. ప్రాణాన్ని కాపాడటానికి కావలసింది సమాచారం, రవాణా, ఆశ్రయం. పడవను కాపాడటానికి వీటితో పాటు భద్రమైన తావు కావాలి, క్రేను కావాలి, తగినన్ని చేతులు కావాలి. మొదటివాటికి వ్యవస్థ ఏర్పడింది. రెండవవి ఎక్కువగా యజమాని సొంత శక్తికే మిగిలిపోయాయి.

5. హెచ్చరిక భాష

రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలకు ఒకటి నుంచి పదకొండు వరకు అంకెలు ఉన్నాయి. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. అయిదు నుంచి ఏడు ప్రమాద సూచికలు. ఎనిమిది నుంచి పది అతి ప్రమాద సూచికలు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఇవి ప్రధానంగా ఓడల కోసం ఏర్పడినవి. అయిదు, ఆరు, ఏడు అంకెల మధ్య తేడా తీవ్రతలో కాదు, తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుందన్న దానిలో ఉంటుంది. ఈ వివరం తెలియనివారు అంకె పెరిగితే ప్రమాదం పెరిగిందని మాత్రమే అనుకుంటారు. పడవను ఏ దిక్కు గాలికి సిద్ధం చేయాలో చెప్పగల సూచన అలా వృథా అవుతుంది.

వాతావరణ పరిభాషలోనూ ఇటువంటి చిక్కు ఉంది. గాలివేగం గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 51 నుంచి 62 ఉంటే తీవ్ర వాయుగుండం, 63 నుంచి తుఫాను, 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను అని వ్యవహారం. ‘తుఫాను’ అరబీ, పారశీకాల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. వినగానే భయం కలిగిస్తుంది. ‘వాయుగుండం’ శాస్త్రీయ వ్యవహారంలో దానికంటే చిన్నది. అయితే చిన్న ఫైబరు పడవకు గంటకు 50 కిలోమీటర్ల గాలే ప్రాణాంతకం కావచ్చు. ఇది ఇంకా తుఫానుగా మారలేదన్న మాట నగరవాసికి ఊరటనిస్తుంది. అదే మాట పడవవాడిని తప్పుదారి పట్టించగలదు.

మత్స్యకారులు వేటకు వెళ్ళరాదన్న ఒకే వాక్యం తెప్పకూ మరపడవకూ సమానంగా వర్తించేలా ప్రసారమవుతుంది. ఎన్ని రోజులు వెళ్ళరాదో, పడవను ఒడ్డుకు ఎంత ఎత్తుకు లాగాలో, గాలి ఏ వైపు నుంచి మారుతుందో యజమాని భాషలో చెప్పడం ఇంకా పూర్తిగా అలవడలేదు. ఊళ్ళో పెద్దలు మబ్బు రంగు, అలల మధ్య ఎడం, నీటి పోకడ, పక్షుల కదలిక చూసి వాతావరణాన్ని అంచనా వేసే పద్ధతి ఉంది. ఈ జ్ఞానం ఉపగ్రహానికి ప్రత్యామ్నాయం కాదు. వాతావరణ కేంద్రం చెప్పినదానిని స్థానికంగా అన్వయించుకోవడానికి మాత్రం అది ఉపకరిస్తుంది.

6. ముందుజాగ్రత్తలు, నిర్ణయాలు

హెచ్చరిక అందిన తర్వాత యజమానికి దొరికే వ్యవధి కాగితం మీద కనిపించినంత ఉండదు. దూరపు వేటలో ఉన్న మరపడవ రేవు చేరడానికే ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. నదీముఖాలలో ఇసుకమేటలు ఉన్నచోట, పోటు వచ్చేదాకా మొగ దాటి లోపలికి రావడం కుదరదు. సరిగ్గా తుఫాను ముందర, అలలు పెరిగిన వేళ, మొగ దాటడమే అన్నిటికంటే ప్రమాదకరం.

ఒడ్డు చేరాక పని వేగంగా సాగాలి. ఫైబరు పడవ నుంచి మొదట ఇంజినును విప్పి ఇంటికి చేరుస్తారు. తర్వాత వలలు, ఇంధనం డబ్బాలు తీస్తారు. పడవను మనుషులో ట్రాక్టరో లాగి అల అందని ఎత్తుకు చేర్చి, చెట్లకో గుంజలకో కడతారు. తీరం కోతకు గురైన ఉప్పాడ వంటి చోట్ల పడవను లాగడానికి ఇసుకతిన్నే మిగలలేదు. ఇళ్ళ మధ్య ఖాళీ జాగా వెతుక్కోవాలి. మరపడవలను పాయల లోపలికి, మడ అడవుల చాటుకు తీసుకుపోవడం గోదావరి ముఖద్వార ప్రాంతంలో అనుకూలమైన పద్ధతి. మడచెట్ల వేళ్ళు అల వేగాన్ని తగ్గిస్తాయి. రేవులోనే ఉంచవలసి వస్తే రెండు దిక్కులా లంగర్లు వేయడం, తాళ్ళను నీటిమట్టం పెరుగుదలకు తగినంత పొడవుగా వదలడం, పడవల మధ్య పాత టైర్లు వేలాడదీయడం చేస్తారు.

ఈ పనులన్నింటికీ మనుషులు కావాలి. ఒంటరి యజమాని తన పడవను లాగలేడు. ఊరంతా ఒకరి తర్వాత ఒకరి పడవను లాగే సహకారం ఇంకా నిలిచి ఉన్నచోట నష్టం తగ్గుతుంది. యువకులు వలసపోయిన ఊళ్ళలో ఈ బలం తగ్గుతుంది.

ఇంకొక నిర్ణయం మరింత కఠినమైనది. తుఫానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు వేటకు కూడా ముఖ్యమైనవే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆ కాలానికి ప్రభుత్వం భృతి చెల్లిస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మొత్తం 2019 నుంచి పదివేల రూపాయలుగా ఉండగా, 2025లో ఇరవైవేలకు పెరిగింది. హెచ్చరికల వల్ల వేట ఆగిన రోజులకు ఇటువంటి భృతి లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను చెన్నై నుంచి బాపట్ల వరకు తీరం వెంబడి నెమ్మదిగా సాగింది. అటువంటప్పుడు వేట ఆగే రోజులు పెరుగుతాయి. హెచ్చరించిన తుఫాను దిశ మార్చుకుంటే, నష్టపోయిన రోజులు ఎవరి లెక్కలోకీ రావు. హెచ్చరికను పాటించినవాడే దాని ఖర్చును భరించవలసి రావడం ఈ వ్యవస్థలోని మౌలిక లోపం. హెచ్చరికను లక్ష్యపెట్టని కొద్దిమందిని నిందించే ముందు ఈ లోపాన్ని గమనించడం న్యాయం.

7. తుఫాను తర్వాత

7.1 వెతకడం, వెలికితీయడం: గాలి తగ్గగానే యజమాని మొదటి పని పడవను వెతకడం. కొట్టుకుపోయిన పడవ పక్క ఊరి తీరంలోనో, పంటపొలంలోనో దొరకవచ్చు. రిజిస్ట్రేషను సంఖ్య, రంగు, పడవ మీద రాయించుకున్న దేవత పేరు గుర్తింపుకు ఆధారాలు. మునిగిన పడవను తేల్చడానికి క్రేను కావాలి. ఒకే రేవులో పదుల పడవలు మునిగినప్పుడు వంతు కోసం నిరీక్షించాలి. ఉప్పునీటిలో మునిగిన ఇంజినును ఎంత త్వరగా విప్పి, మంచినీటితో కడిగి, నూనె పట్టిస్తే అంత మేలు. ఆలస్యమైన ప్రతిరోజూ తుప్పు పెరుగుతుంది. కాబట్టి వెలికితీతలో జాప్యం కేవలం అసౌకర్యం కాదు, అదే రెండవ నష్టం. ఇదే సమయంలో కరెంటు ఉండదు. ఐసు ఫ్యాక్టరీలు నడవవు. రోడ్లు తెగి ఉంటాయి. పడవ క్షేమంగా ఉన్నవాడు కూడా వెంటనే వేటకు వెళ్ళి చేపను అమ్ముకోలేడు.

7.2 నష్టగణన, సహాయం: రాష్ట్ర విపత్తు స్పందన నిధి నియమాల ప్రకారం, 2022 నుంచి 2026 వరకు వర్తించే ప్రమాణాలలో, పాక్షికంగా దెబ్బతిన్న పడవ మరమ్మతుకు 6,000 రూపాయలు, పూర్తిగా ధ్వంసమైన పడవకు 15,000 రూపాయలు, వల మరమ్మతుకు 3,000, పూర్తిగా పోయిన వలకు 4,000 రూపాయలు నిర్ణయించారు. అంతకుముందు ప్రమాణాలలో పూర్తిగా ధ్వంసమైన పడవకు 9,600 రూపాయలే ఉండేవి. తెప్పలు, దోనెల కాలపు ఊహతో రూపొందిన ఈ మొత్తాలు నేటి ఫైబరు పడవ ఇంజిను ధరకు కూడా సరిపోవు. కొన్ని విపత్తులలో రాష్ట్ర ప్రభుత్వాలు దీనికి మించిన సహాయం ప్రకటించాయి. అయితే అది హక్కుగా కాక ఆ సందర్భానికి పరిమితమైన నిర్ణయంగా మిగులుతున్నది.

ఈ సందర్భంలో ఒక పోలిక ఉపయోగపడుతుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో జరిగిన అగ్నిప్రమాదంలో నలభైకి పైగా పడవలు దెబ్బతిన్నాయి. అప్పుడు ప్రభుత్వం పడవ విలువలో 80 శాతాన్ని పరిహారంగా చెల్లించింది. పడవ విలువను లెక్కగట్టి పరిహారం ఇవ్వడం ఆచరణసాధ్యమేనని దీనివల్ల తెలుస్తున్నది. అగ్నిప్రమాదానికి సాధ్యమైనది తుఫానుకు అసాధ్యం కానవసరం లేదు. తుఫానులో నష్టపోయే పడవల సంఖ్య ఎక్కువ గనుక ఆ భారాన్ని బీమా పంచుకోవాలి.

బీమా విషయంలోనూ మనిషికి, పడవకు మధ్య తేడా కనబడుతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు బృంద ప్రమాద బీమా ఉంది. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షల రూపాయలు చెల్లిస్తారు. పడవల బీమా ఆ స్థాయిలో వ్యాపించలేదు. బీమా కంపెనీకి పడవ వయస్సు, నాణ్యత, నిలిపే చోటు తెలియాలి. యజమానికి ఏడాదికోసారి ప్రీమియం చెల్లించే స్తోమత ఉండాలి. ఇవి రెండూ కలవని చోట పడవ బీమా లేకుండానే సముద్రంలోకి వెళ్తుంది.

నష్టగణనలో కాగితాలు కీలకం. రిజిస్ట్రేషను, లైసెన్సు ఉన్నవారికే సహాయం అందుతుంది. చేతులు మారిన పడవ ఇంకా పాత యజమాని పేరనే ఉండటం, అన్నదమ్ములు కలిసి కొన్న పడవ ఒక్కరి పేరనే ఉండటం వంటి చిక్కులు అప్పుడే బయటపడతాయి. సముద్రంలోకి కొట్టుకుపోయి జాడలేని పడవకు సాక్ష్యం చూపడం మరింత కష్టం. పడవను, ఇంజిను సంఖ్యను తుఫానుకు ముందే ఫొటో తీసి భద్రపరచుకోవడం, పేరు మార్పిడిని వాయిదా వేయకపోవడం యజమాని చేతిలో ఉన్న జాగ్రత్తలు.

7.3 అప్పు, వాటా, వలస: చాలామంది యజమానులు పడవకు, వలకు చేపల వ్యాపారి దగ్గర ముందుగా సొమ్ము తీసుకుంటారు. అందుకు ప్రతిగా పట్టిన చేపను ఆ వ్యాపారికే, అతను కట్టిన ధరకే ఇవ్వాలి. పడవ పోయినా అప్పు పోదు. కొత్త పడవకు మళ్ళీ అదే వ్యాపారిని ఆశ్రయిస్తే పాత అప్పు మీద కొత్త అప్పు చేరుతుంది. ఇంటి బంగారం తాకట్టులోకి వెళ్తుంది. స్త్రీల పొదుపు సంఘం నుంచి తెచ్చిన సొమ్ము పడవ మరమ్మతుకు ఖర్చవుతుంది. తుఫాను నష్టాన్ని ఈ విధంగా చివరకు భరించేది ఎక్కువగా ఇంటి ఆడవారు.

పడవ ఆగితే బృందం చెదురుతుంది. కళాసీలు వేరే పడవలలో చేరతారు, లేదా వలసపోతారు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ వంటి రేవులకు వేట కూలీలుగా వెళ్ళడం చాలాకాలంగా ఉన్నదే. సొంత జిల్లాలో సరైన రేవు లేకపోవడం అందుకు ఒక ప్రధాన కారణం. తుఫాను నష్టాలు ఆ ఒత్తిడిని పెంచుతాయి. నిన్నటి పడవ యజమాని ఇవాళ ఇంకొకరి పడవ మీద కళాసీ కావడం ధననష్టం మాత్రమే కాదు. ఊళ్ళో అతని మాటకు ఉన్న విలువ, పిల్లల పెళ్ళి సంబంధాలు, కుటుంబ గౌరవం అన్నీ దానితో ముడిపడి ఉంటాయి.

8. తీరానికి దూరంగా: నంద్యాల జిల్లా

సముద్రంలో పుట్టిన తుఫాను తీరం దాటి బలహీనపడ్డాక కూడా లోపలి ప్రాంతాలను వదలదు. 2007 జూన్ 22న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం రాయలసీమ మీదుగా సాగి కర్నూలు ప్రాంతంలో భారీ వరదలకు కారణమైంది. నల్లమల నుంచి దిగే వాగుల నీరు కుందూ నదిలో చేరి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పొలాలను ముంచడం ఈ ప్రాంతవాసులకు అనుభవమే. కడలి ఎరుగని రైతుకు వాయుగుండం అంటే వాగు పొంగడం.

ఈ జిల్లాలోనూ పడవల వారు ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో శ్రీశైలం భాగం. కృష్ణానది మీద నిర్మించిన ఈ జలాశయం అంచున స్థానిక మత్స్యకారులతో పాటు ఉత్తరకోస్తా నుంచి వలస వచ్చిన కుటుంబాలు గుడారాలు వేసుకొని వేట సాగిస్తాయి. పుట్టి, చిన్న పడవ వీరి సాధనాలు. ఇక్కడ ఉప్పెన లేదు. దాని స్థానంలో ఎగువ నుంచి వచ్చే వరద, ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి, గేట్లు ఎత్తినప్పుడు మారే ప్రవాహం ఉంటాయి. 2009 అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలానికి ఆనకట్ట రూపకల్పనలో లెక్కించిన దానిని మించి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. తీరంలో వాతావరణ కేంద్రం చేసే హెచ్చరిక పనిని ఇక్కడ నీటిపారుదల అధికారుల సమాచారం చేయాలి. అయితే నీటి అంచున, ఊరికి దూరంగా, చిరునామా లేని గుడారంలో ఉండే వలస కుటుంబానికి ఆ సమాచారం చేరడం కష్టం. స్థానిక సంఘంలో సభ్యత్వం, లైసెన్సు లేనివారికి నష్టపరిహారం అందడం అంతకంటే కష్టం. తీరంలో పడవ పోయి వలస వచ్చినవారు ఇక్కడ కూడా లెక్కకు అందనివారుగానే మిగలడం గమనించదగిన విషయం.

9. ముగింపు

పై పరిశీలన ద్వారా ఈ కింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. 1977 నుంచి నేటివరకు తుఫాను హెచ్చరిక ప్రాణరక్షణలో గణనీయమైన ఫలితాన్ని సాధించింది. పడవ రక్షణ మాత్రం ప్రధానంగా యజమాని సొంత ప్రయత్నంగానే మిగిలింది.

2. తెప్ప నుంచి ఫైబరు పడవకు, మరపడవకు జరిగిన మార్పు ఆదాయంతో పాటు నష్టపు పరిమాణాన్ని పెంచింది. సహాయ ప్రమాణాలు ఆ మార్పును అందుకోలేదు.

3. గాలి, వాన, ఉప్పెన పడవకు మూడు వేర్వేరు విధాల హాని చేస్తాయి. హెచ్చరిక సందేశం ఈ మూడింటినీ విడివిడిగా, పడవ రకాన్ని బట్టి, మత్స్యకారుల వాడుకలోని మాటలతో చెప్పవలసి ఉంది. తెలుగు పరిభాషా రచయితలకు ఇందులో చేయదగిన పని ఉంది.

4. భద్రమైన తావులు, మడ అడవుల సంరక్షణ, రేవులలో క్రేన్లు, పడవను లాగే సామూహిక ఏర్పాట్లు హెచ్చరికతో సమానమైన ప్రాధాన్యం కలవి.

5. హెచ్చరిక కారణంగా వేట ఆగిన రోజులకు భృతి, పడవ విలువను బట్టి బీమా, తేలికైన పేరు మార్పిడి అమలైతే హెచ్చరికను పాటించడం యజమానికి భారం కాదు.

6. శ్రీశైలం వంటి జలాశయాలపై ఆధారపడిన వలస మత్స్యకారులను కూడా ఈ వ్యవస్థ పరిధిలోకి తీసుకురావాలి.

ఒడ్డు చేరిన మనిషి, గాలి హోరులో కట్టు తెగిన పడవ కోసం మళ్ళీ నీటిలోకి దిగే ప్రమాదం ప్రతి తుఫానులోనూ ఉన్నదే. అది అవివేకమని కొట్టిపారేయడం సులువు. పడవ పోతే తాను ఏమవుతాడో తెలిసినవాడు చేసే పని అది. పడవకు భరోసా కల్పించినప్పుడే ఆ మనిషి నిశ్చింతగా ఒడ్డున నిలబడగలడు. కాబట్టి పడవ రక్షణను ఆస్తిరక్షణగా మాత్రమే కాక, ప్రాణరక్షణలో భాగంగా పరిగణించవలసి ఉంది.